అవతల అంత బాధ ఉంటే నేను సంతోషంగా ఉండొచ్చా? ఈ గిల్టీ భావనతో ఏం చేయాలి

పాప మీ ఒళ్లో నిద్రపోయింది. ఆ చిన్ని పిడికిలి చూసి మీలో మీరే నవ్వుకుంటూ ఫోన్ తీశారు. యుద్ధం జరుగుతున్న చోట ఒక తల్లి, దాదాపు అదే వయసు బిడ్డను గుడ్డలో చుట్టి ఎత్తుకుని పరిగెడుతోంది. మీ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఫోన్ పక్కన పెట్టినా పాప వైపు మళ్లీ అలా చూడలేకపోయారు. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు అనిపించింది.

ఇలాంటివి మీకు తరచూ జరుగుతుంటే ఇది మీ కోసమే. అనుకున్న ఉద్యోగం వచ్చిన రోజున, ఇల్లు కట్టుకున్న రోజున, ఏ కారణమూ లేకుండా మనసు తేలికగా ఉన్న సాయంత్రాన కూడా ‘నాకే ఎందుకు ఇంత బాగుంది, వాళ్లేం పాపం చేశారు’ అని లోపల కలుక్కుమనే మనుషులు చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. ‘లోకం గురించి మనకెందుకు, మన బతుకు మనం బతుకుదాం’ అని నేను చెప్పను. ఆ మాట నాకెప్పుడూ పని చేయలేదు, మీకూ చేయదు. నాకు పని చేసినవి వరసగా చెబుతాను. ఈ వరస కూడా ముఖ్యమే, మొదటి మెట్టు దాటకుండా తర్వాతివి పట్టుకుంటే నిలవవు.

1. అది నేరమా, బాధా? ముందు తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని ఈ వాక్యం రాయండి: ‘నేను ఫలానా వాళ్లకు, ఫలానా పని చేసి, ఫలానా నష్టం కలిగించాను.’ ఇప్పుడు మూడు ‘ఫలానా’ల చోట నిజమైన మాటలు నింపడానికి ప్రయత్నించండి.

మూడూ నిండితే మీకున్నది సరైన అపరాధ భావమే. దాన్ని పోగొట్టుకోవద్దు, దాని మాట వినండి. మీ దగ్గర పనిచేసే మనిషికి ఇవ్వాల్సిన జీతం ఆలస్యం చేస్తున్నారేమో. తోబుట్టువుకు రావలసిన వాటా మీ దగ్గరే ఉండిపోయిందేమో. అలాంటప్పుడు దూరదేశపు వార్తలు చూసి కుమిలిపోవడం కంటే ఆ జీతం, ఆ వాటా ఇచ్చేయడమే చేయాల్సిన పని. ఈ విషయంలో నేను కాస్త కటువుగానే ఉంటాను. సరిదిద్దగలిగిన దగ్గరి తప్పును వదిలేసి, సరిదిద్దలేని దూరపు బాధను మోస్తూ మంచివాళ్లమనుకోవడం మనకు చాలా సులువుగా అలవాటవుతుంది.

ఎంత ప్రయత్నించినా ఖాళీలు నిండకపోతే, మీకున్నది నేరభావం కాదు. ఇతరుల బాధ చూసి కలిగిన దుఃఖం. మనసుకు రెండూ ఒకేలా తగులుతాయి కాబట్టి ఒకే పేరు పెట్టేస్తాం. దుఃఖానికి శిక్ష అక్కర్లేదు.

మూడోది ఇంకొకటి ఉంది. ‘నేను ఇది చేశాను’ అన్న మాట రాదు గానీ ‘నేనే చెడ్డదాన్ని, నాకు సంతోషం తగదు’ అన్న మాట వస్తుంది. అపరాధ భావం చేసిన పని మీద ఉంటుందని, సిగ్గు మొత్తం మనిషి మీదే ఉంటుందని మానసిక శాస్త్రవేత్త జూన్ టాంగ్నీ లాంటి వారు చాలా ఏళ్ల పరిశోధనలో చూపించారు. మొదటిది తప్పు సరిదిద్దుకునేలా కదిలిస్తుంది. రెండోది మనల్ని మూల కూర్చోబెడుతుంది. మీ కాగితం మీద వచ్చింది ఈ రకం వాక్యమైతే, దాని మూలం లోకంలో కంటే మీ చిన్నతనంలోనో, మిమ్మల్ని ఎవరో పదే పదే అన్న మాటల్లోనో దొరికే అవకాశం ఎక్కువ.

ప్రమాదంలోనో, విపత్తులోనో మీ వాళ్లు పోయి మీరు మిగిలి ఉంటే అది వేరే సంగతి. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవారిలో ‘వాళ్లు పోయారు, నేనెందుకు ఉన్నాను’ అన్న వేదన ఎంత లోతుగా ఉంటుందో మనోవైద్యుడు విలియం నీడర్లాండ్ 1960లలో వివరంగా రాశారు. ఆ బరువుకు ఇలాంటి చిట్కాలు చాలవు. కౌన్సెలర్ దగ్గర కూర్చుని మాట్లాడండి, ఒక్కసారి కాదు, కొన్నాళ్లపాటు.

2. మీ నవ్వు ఎవరి దగ్గర నుంచి తీసుకున్నదో అడగండి

‘ఈ సాయంత్రం నేను నవ్వకుండా ఉంటే అక్కడ ఎవరికి ఏం దక్కుతుంది?’ ఈ ప్రశ్న పైకి అనండి. మనసులో అనుకుంటే జారిపోతుంది.

జవాబు మీకు తెలుసు. ఎవరికీ ఏమీ దక్కదు. సంతోషం ఒకే కుండలోని నీళ్లు కాదు, మీరు తాగితే ఇంకొకరికి తగ్గిపోవడానికి. డబ్బూ, సమయమూ మాత్రం అలా కాదు. అవి మీ దగ్గరుంటే ఇంకొకరి దగ్గర లేనట్టే. కాబట్టి వాటి గురించి లెక్క వేసుకోవాల్సిందే, ఐదో మెట్టు దానికే. నవ్వుకు మాత్రం లెక్క వేయకండి.

తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో ఒక వ్యాసంలో అడిగిన ప్రశ్న చాలామందికి తెలిసే ఉంటుంది. దారిలో ఒక చిన్న బిడ్డ నీళ్లలో మునిగిపోతుంటే, బట్టలకు బురద అవుతుందని ఆగిపోతామా? ఆగం. అలాంటప్పుడు కంటికి కనిపించని దూరాన పోతున్న ప్రాణం విషయంలో ఎందుకు ఆగుతున్నాం? ఈ ప్రశ్న చదివి రాత్రంతా నిద్రపట్టని వాళ్లున్నారు, అందులో నేనొకదాన్ని. తర్వాత ఎప్పటికో నాకు తట్టిన సంగతి ఏమిటంటే, ఆయన అడిగింది నీళ్లలోకి దిగమని. గట్టు మీద కూర్చుని ఏడవమని ఎక్కడా అడగలేదు. నేను అన్నాళ్లూ ఏడుస్తూనే ఉన్నాను, దిగింది మాత్రం లేదు.

3. వార్తలకు ఒక వేళ పెట్టండి

2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలాయి. ఆ తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలూ అంతకు మించీ ఆ వార్తలు చూసినవారిలో, స్వయంగా ఆ చోటున ఉన్నవారిలో కంటే కూడా ఎక్కువ మానసిక ఒత్తిడి కనిపించిందని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. 2014లో అచ్చయింది. అన్ని గంటలు చూసినందువల్ల గాయపడ్డ ఒక్కరికీ ఒక్క కట్టు కూడా అదనంగా కట్టలేదు, చూసినవాళ్ల మనసుకే దెబ్బ తగిలింది.

నేను పాటించేది చెబుతాను. రోజుకు ఒకసారి, ఇరవై నిమిషాలు. వీలైనంత వరకూ చదవడమే, వీడియోలు కాదు. కదిలే బొమ్మ శరీరాన్ని పట్టుకుంటుంది, చదివిన మాట ఆలోచనలో ఉంటుంది. పడుకునే ముందు వద్దు, లేచీ లేవగానే వద్దు. పక్కన మీ పిల్లలో, పెద్దవాళ్లో ఉన్నప్పుడు అసలే వద్దు, ఎందుకంటే ఆ టెన్షన్ మీ ముఖంలోంచి వాళ్లకు అంటుతుంది.

‘చూడకపోతే వాళ్లను వదిలేసినట్టు కాదా?’ అని లోపల ఒక గొంతు అడుగుతుంది. అది మంచి గొంతే, కసురుకోకండి. రేపు ఇదే వేళకు మళ్లీ చూస్తానని దానికి చెప్పండి, చెప్పినట్టే చూడండి.

4. బాధపడటం నుంచి కరుణ వైపు జరగండి

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ మెట్టే. అందుకే కాస్త ఆగి చెబుతాను.

ఎదుటివారి బాధను మనం కూడా అనుభవించడం ఒకటి, ఆ బాధ తీరాలని కోరుకోవడం ఇంకొకటి. మనకు రెండూ ఒకటే అనిపిస్తాయి. ఓల్గా క్లిమెకి, టానియా సింగర్, వారితో పనిచేసిన పరిశోధకులు ఈ రెంటినీ విడివిడిగా పరీక్షించారు. ముందు కొందరికి ఎదుటివారి బాధను తమదిగా అనుభవించే శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత కష్టాల్లో ఉన్న మనుషుల వీడియోలు చూపిస్తే వాళ్లలో దిగులు పెరిగింది. తర్వాత అదే మనుషులకు కరుణ శిక్షణ ఇచ్చారు. అలాంటి వీడియోలే చూసినా దిగులు తగ్గింది, ఆప్యాయత లాంటి మంచి భావాలు పెరిగాయి. మెదడులో కదిలిన భాగాలు కూడా వేరువేరు. అంటే కరుణ అంటే బాధ ఎక్కువ పడటం కాదు, అది వేరే పనే.

మన పాతవాళ్లకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష (ఇక్కడ పట్టించుకోకపోవడం కాదు, సమభావం) అనే నాలుగు గుణాల గురించి రాస్తూ, ఒక్కోదానికి ఒక దగ్గరి శత్రువును చెబుతాడు. దగ్గరి శత్రువంటే దానిలాగే కనిపిస్తూ దాన్ని పాడుచేసేది. కరుణకు ఆయన చెప్పిన దూరపు శత్రువు హింస. దగ్గరి శత్రువు శోకం. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను గొప్ప గుణమనుకుని ఏళ్ల తరబడి పెంచుకున్నదాన్ని ఆయన శత్రువుల జాబితాలో రాసి పెట్టాడు. ఆ నాలుగింటిలో ముదిత అంటే ఇతరుల సంతోషం చూసి సంతోషించడం. ఇంకొకరి సంతోషానికి ఆనందపడటం గుణమైనప్పుడు, మన సంతోషం ఒక్కటీ పాపమెలా అవుతుంది?

చేయాల్సింది చిన్నదే. మనసును పట్టుకున్న ఆ ఒక్క మనిషిని తలుచుకోండి, వెయ్యి మందిని కాదు. ఆ తల్లినే అనుకుందాం. మెల్లగా ఊపిరి తీసుకుంటూ ‘నీ బాధ తీరాలి. నీ బిడ్డ క్షేమంగా ఉండాలి. నీకు నిద్ర పట్టాలి’ అనుకోండి. మీ ఛాతీ బిగుసుకుపోతుంటే ఆమె స్థానంలో మిమ్మల్ని ఊహించుకుంటున్నారన్నమాట. అక్కడి నుంచి జరిగి, ఆమె పక్కన కూర్చున్నట్టు అనుకోండి. మూడు నిమిషాలు చాలు. మొదటి వారం ఇది ఉత్త మాటల్లాగే ఉంటుంది, కంగారు పడకండి. నాకు మూడో వారంలో గానీ తేడా తెలియలేదు. అప్పుడు కూడా బాధ పోలేదు, దాని పక్కనే కాస్త వెచ్చదనం వచ్చి చేరింది. లేచి ఏదైనా చేయగల ఓపిక ఆ వెచ్చదనంలోంచే వచ్చింది.

5. మీ వంతు ఎంతో తేల్చి, ప్రతి రాత్రీ లెక్క అడగడం మానేయండి

‘నేను చేస్తున్నది చాలా?’ అన్న ప్రశ్నకు అర్ధరాత్రి ఎప్పుడూ జవాబు దొరకదు. పగలు, స్థిమితంగా ఉన్నప్పుడు, ఒక్కసారి కూర్చుని తేల్చుకోండి.

డబ్బు ఇవ్వగలిగితే సంపాదనలో ఒక శాతం అనుకోండి. ఇస్లాంలో జకాత్ అనే దానం కోసం పొదుపు మీద 2.5 శాతం తీస్తారు. క్రైస్తవుల్లో పదో వంతు ఇచ్చే పద్ధతి ఉంది. 2009లో మొదలైన గివింగ్ వాట్ వి కెన్ అనే సంస్థలో చేరేవాళ్లు సంపాదనలో కనీసం 10 శాతం ఇస్తామని మాటిస్తారు. మీది ఒక్క శాతమైనా సరే. కష్టమైన నెలలో కూడా ఇవ్వగలిగినంతే పెట్టుకోండి. జీతం పడిన రోజే దానంతట అదే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. డబ్బు లేకపోతే వారంలో రెండు గంటలు ఇవ్వండి. చదువు చెప్పడం, రక్తదానం, చట్టం తెలిస్తే అర్జీలు రాసిపెట్టడం, ఏదైనా పనికొస్తుంది.

విషయం ఒకటే ఎంచుకోండి, ఎక్కువలో ఎక్కువ రెండు. మిగతా బాధలు ముఖ్యం కావని దీని అర్థం కాదు, మీకు చేతులు రెండే ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఒక బిడ్డకు సాయం చేయగానే, చేయలేకపోయిన మిగతా పిల్లలు గుర్తొచ్చి చేసిన సాయం చప్పబడిపోతుంది. మానసిక శాస్త్రవేత్తలు డానియెల్ వెస్ట్‌ఫ్యాల్, పాల్ స్లోవిక్ చేసిన ప్రయోగాల్లో ఇదే కనిపించింది. సాయం అందనివాళ్లు కూడా ఉన్నారని గుర్తుచేస్తే చాలు, ఇచ్చేవాళ్లకు కలిగే తృప్తి తగ్గుతుంది, ఇవ్వడమూ తగ్గుతుంది. సముద్రంలో చుక్క అన్న నిరాశ అలా పుడుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను ఒక లెక్క గుర్తు చేసుకుంటాను. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1990లో ప్రపంచంలో ఐదేళ్లలోపు పిల్లలు కోటీ 20 లక్షల మందికి పైగా చనిపోయారు. 2022లో ఆ సంఖ్య దాదాపు 49 లక్షలు. ఇప్పటికీ గుండె పగిలే సంఖ్యే. కానీ ఆ తేడా ఎవరో పెద్ద మనిషి ఒక్కరోజులో చేసింది కాదు. టీకాలు వేసినవాళ్లు, నీళ్లు శుభ్రం చేసినవాళ్లు, కాన్పులు చేసినవాళ్లు, వాటికి డబ్బులు కట్టినవాళ్లు, ఒక్కొక్కరూ చుక్కే వేశారు.

ఇక ‘చాలా?’ అన్న ప్రశ్నకు సంవత్సరంలో ఒక తేదీ ఇవ్వండి. ఆ రోజు నిజాయితీగా చూసుకుని, పెంచగలిగితే పెంచండి. మిగతా రోజుల్లో ఆ ప్రశ్న తలుపు కొడితే ఆ తేదీ చెప్పి పంపించండి. ‘అంటే డబ్బిచ్చి మనశ్శాంతి కొనుక్కోవడమేగా’ అని అడగొచ్చు. లోకంతో మీ బాకీ తీరిపోయిందని నేను అనడం లేదు. తీరదు కూడా. రోజూ మిమ్మల్ని మీరు కొట్టుకోవడం వల్ల ఆ బాకీలో పైసా తగ్గదనే అంటున్నాను.

6. సంతోషం వచ్చినప్పుడు ఉండనివ్వండి

జోర్డాన్‌లో జాతరీ అనే శరణార్థి శిబిరం ఉంది. సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం 2012లో తెరిచారు. ఆ శిబిరం ప్రధాన వీధిలో శరణార్థులే పెట్టుకున్న దుకాణాల్లో పెళ్లికూతురి బట్టలు అద్దెకిచ్చేవి కూడా ఉన్నాయి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్లు అక్కడ పెళ్లిళ్లు చేసుకున్నారు, అలంకరించుకున్నారు. ఎవరి కోసమైతే మనం నవ్వు మానుకుంటున్నామో, వాళ్లు నవ్వు మానుకోలేదు.

మనసు కలుక్కుమన్నప్పుడు మూడు మాటలు అనుకోండి: ‘అవును, అక్కడ బాధ ఉంది. నా వంతు ఈ నెల చేశాను. ఇప్పుడు ఈ పాప నా ఒళ్లో ఉంది.’ తర్వాత పాప వేళ్లను, ఆ బరువును, ఊపిరి చప్పుడును చూడండి. కలుక్కుమన్నది వెంటనే పోదు. పోకపోయినా ఫర్వాలేదు, రెండూ పక్కపక్కన ఉండగలవు.

ఒక జాగ్రత్త. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా అపరాధ భావమే ఉంటే, నిద్ర, ఆకలి దెబ్బతింటే, ఇష్టమైన పని మీదా మనసు పోకపోతే, అది లోకం గురించిన ఆలోచన కాకపోవచ్చు. కారణం లేని అపరాధ భావం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి. డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగకండి, ఈ రోజే ఎవరికైనా చెప్పండి.

7. బాధలో ఉన్నది మీ పక్కనున్న మనిషైతే

దూరపు బాధ కంటే ఇది కష్టం. స్నేహితురాలి ఇంట్లో జబ్బు, మీ ఇంట్లో శుభకార్యం. తమ్ముడి ఉద్యోగం పోయింది, మీకు ప్రమోషన్ వచ్చింది.

నేను చేసిన పొరపాటు చెబుతాను. నా ప్రాణ స్నేహితురాలి నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే నాకు చాలా ఏళ్లుగా కోరుకున్న ఉద్యోగం వచ్చింది. తనకు చెప్పలేదు. ఈ సమయంలో నా సంతోషం తన ముందు పెట్టడం కఠినమనిపించింది. పదిహేను రోజుల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. తను కోప్పడలేదు. ‘నా దగ్గర దాచావంటే, నేనిక నీకు జాలిపడాల్సిన మనిషినే అయిపోయానన్నమాట’ అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

అందుకని దాచకండి. చెప్పే తీరు మాత్రం చూసుకోండి. ఎదురుగానో, ఫోన్‌లోనో కాకుండా మెసేజ్ పెట్టండి, అప్పుడు తను వెంటనే ముఖం మీద నవ్వు తెచ్చుకోవాల్సిన పని ఉండదు. ‘నీకు ఒక మంచి వార్త చెప్పాలి. వేరేవాళ్ల నుంచి తెలియకూడదని నేనే చెబుతున్నా. జవాబు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు’ అని, విషయం ఒక్క వాక్యంలో రాయండి. క్షమాపణ చెప్పకండి. చెబితే మిమ్మల్ని ఓదార్చే పని కూడా తన మీదే పడుతుంది. మీ వేడుకకు రాకపోతే ఎందుకు రాలేదని అడగకండి.

ఆ తర్వాత తన కష్టం దగ్గరకు వెళ్లండి. ‘ఏమైనా కావాలంటే చెప్పు’ అనడం వల్ల లాభం లేదు, ఎవరూ చెప్పరు. పని పేరు, రోజు పేరు చెప్పండి. నేను చివరికి ‘బుధవారం రాత్రి ఆస్పత్రిలో నేనుంటాను, నువ్వు ఇంటికెళ్లి పడుకో’ అన్నాను. మొదటి బుధవారం మేం పెద్దగా మాట్లాడుకోలేదు. రెండో బుధవారం కూడా అంతే. మూడోసారి తను బ్యాగ్ భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అడిగింది: ‘ఇంతకీ కొత్త ఆఫీసులో నీకు కిటికీ పక్కన సీటు ఇచ్చారా?’